పాత్రా? కోటా? – ఒక తేటగీతికి టీకాతాత్పర్యాలు

అవతారిక

పాత నల్లగొండ జిల్లా రాచకొండ గుట్టల మీద పద్మనాయకుల కోట ఉంది. అక్కడ ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడి పేరిట, శార్‌ఙ్గదేవుడి సంగీతరత్నాకరానికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్య ఉంది. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది పక్కనే ఉన్న మెతుకుసీమ. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. కాబట్టి ఈ దిక్కున సంగీతం మీద టీక రాయడం కొత్త సాహసమేమీ కాదు. కాకపోతే ఆ పెద్దలకు రాని ధర్మసందేహం ఒకటి మనకు వచ్చింది. పాట వినడానికి ఇంట్లో ఏ యంత్రం పెట్టాలి?

సందర్భం ఇది. నల్లగొండలో ఒక ఇల్లు. పాత డీవీడీ ప్లేయర్ కన్ను మూసింది. రెండువేల చిల్లరలో ఇంకోటి తెద్దామని తండ్రి అంటాడు. ఉన్న కంప్యూటర్‌కే స్పీకర్లు తగిలిద్దామని ఇంజినీరింగు చదివే కొడుకు అంటాడు. పాటలు అందరికంటే ఎక్కువగా వినేది నాయినమ్మ. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ సమయాన కవి ప్రవేశించి ఈ పద్యం చెప్పాడు. కవిని నేనే, టీకాకర్తనూ నేనే. కాబట్టి కవిహృదయం గురించి ఈసారి పండితులు కొట్టుకోవలసిన పని లేదు.

మూలం

తే.గీ.
పాట బిళ్లను మింగెడి పాత్ర మేలొ
కోటి పాటల నింపిన కోట మేలొ
ఎండ దుబ్బల నెలవైన యింట వినుము
మీట నొక్కెడి ముదుసలి మాట తీర్పు

ప్రతిపదార్థం

పాట బిళ్లను = సీడీని, వీసీడీని, లేదా నూటయాభై పాటలని పైన రాసి అమ్మిన ఎంపీత్రీ డిస్కును; మింగెడి = అర బయటకు చాపి, లోపలికి లాక్కొని, చాలాసేపు ‘రీడింగ్’ అని ఆలోచించేటటువంటి; పాత్ర = ప్లేయర్; మేలొ = మంచిదా; కోటి పాటల = లెక్కకు మిక్కిలి పాటలను, పెళ్లి ఫొటోలతోను ప్రాజెక్టు రిపోర్టులతోను సహా; నింపిన = ఏది ఎక్కడున్నదో తెలియకుండా కుక్కిన; కోట = కంప్యూటర్; మేలొ = మంచిదా; ఎండ దుబ్బల = ఎండకును, ఎర్రచెల్కల దుబ్బకును; నెలవైన = ఉనికిపట్టయిన; ఇంట = ఇంటియందు; వినుము = ఆలకించుము (పాటను కూడ); మీట నొక్కెడి = రిమోటు మీద బొటనవేలు ఆనించే; ముదుసలి = నాయినమ్మ; మాట = పలుకు; తీర్పు = పంచాయితీకి ఆఖరు.

తాత్పర్యం

డిస్క్ ప్లేయరా, కంప్యూటరా అని తండ్రీకొడుకులు ఎంతసేపు వాదులాడినా, ఆ ఇంటి ఎండకు, దుమ్ముకు, ముఖ్యంగా మీట నొక్కే చేతికి ఏది ఆగితే అదే మంచి యంత్రమని భావం.

ఛందస్సు

తేటగీతి. నాలుగో పాదంలో ‘మీ’కి ‘మా’తో అచ్చు కుదరలేదు. అందుకని కవి మీట–మాట అని ట-కారంతో ప్రాసయతి వేసి గట్టెక్కాడు. సాకెట్టు కుదరనప్పుడు అడాప్టరు తగిలించే అలవాటు ఈయనకు మొదటినుంచీ ఉన్నదని ఊహించవచ్చు.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో ‘కోఠి పాటల నింపిన’ అని ఉన్నది. నల్లగొండకు, పాలమూరుకు హైదరాబాదు చెరొక దిక్కున ఇంచుమించు నూరేసి కిలోమీటర్లు. ఏ వైపునుంచి బస్సెక్కినా ఎలక్ట్రానిక్ సామాను కోసం చేరేది కోఠిలోని గుజరాతీ గల్లీకే. అందుకని లేఖకుడి చేయి జారి ఉంటుంది. ఛందస్సు చెడదు గాని అర్థం చెడుతుంది. కోఠిలో దొరికేది యాంప్లిఫయర్, స్పీకర్, వైరు. పాటలు మాత్రం మన ఇంట్లోనే, అల్మారాలో డబ్బాల్లో ఉన్నాయి. ఈ భేదం సిద్ధాంతంలో పనికి వస్తుంది.

పూర్వపక్షం

మొదట కొడుకు వాదం. “నాయినా, గా డబ్బా ఎందుకే? గీ కంప్యూటర్ల ఎన్ని పాటలన్న వడ్తయి.”

ఇది అబద్ధం కాదు. సీడీ మీద ఒక సెకను పాటను 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. కుడి ఎడమలు రెండూ కలిస్తే సెకనుకు 14 లక్షల బిట్లకు పైమాటే. ఇందులో ఏమీ పోకుండా ఫ్లాక్ ఫైలుగా మడిచి పెడితే స్థలం సుమారు సగానికి తగ్గుతుంది. 500 జీబీ హార్డ్ డిస్కులో వెయ్యికి పైగా సీడీలు కాపురముంటాయి. కనుక ‘కోటి పాటలు’ అన్నది అతిశయోక్తే అయినా, కోట అన్నది సార్థకమే.

తర్వాత తండ్రి వాదం. “వడ్తయిరా, ఎవలు ఏస్తరు? నువ్వు హాస్టల్‌కు వోతవు. కంప్యూటర్ల పాట సన్నగొస్తది, ప్లేయర్ల దమ్ముంటది.”

మొదటి సగం అంగీకార్యం. రెండో సగం విచార్యం. ఒకే సీడీని ప్లేయర్ చదివినా, కంప్యూటర్ చదివినా లోపలికి వచ్చే అంకెలు అవే. అంకెలు కరెంటుగా మారి స్పీకరుకు బయల్దేరే చోట మాత్రమే తేడా పుడుతుంది. అక్కడ ప్లేయర్‌లో ఒక చిన్న చిప్పు ఉంటుంది, కంప్యూటర్ మదర్‌బోర్డు మీదా ఒక చిన్న చిప్పు ఉంటుంది. చవక సరుకులో ఈ రెండూ మీసం మెలేసేటంతవి కావు.

అయితే తండ్రి చెవి తప్పు వినలేదు. కంప్యూటర్ డబ్బాలో పంకా తిరుగుతుంది, పవర్ సప్లయ్ గిలగిలలాడుతుంది, హార్డ్ డిస్క్ గొణుగుతుంది. వీటి సొద ఆకుపచ్చ సాకెట్టులోంచి పాటతోపాటు బయటకు వస్తుంది. గోడలో మూడో పిన్నుకు ఎర్త్ లేని ఇల్లయితే, కరెంటుకున్న 50 హెర్ట్‌జ్ ‘గుయ్’మనే మోత శ్రుతిపెట్టెలాగా ఏ పాటకైనా వంత పాడుతుంది. పిన్ను పీకడం దీనికి మందు కాదు. ఎర్త్ వేయించడం, చిప్పును డబ్బా బయటకు తెచ్చే చిన్న యూఎస్‌బీ డాక్ పెట్టడం మందు.

ఇక్కడ మూడో పక్షంవాడు లేచి, ఫోనూ బ్లూటూత్ స్పీకరూ ఉండగా ఈ గొడవంతా ఏమిటని అడుగుతాడు. ఫోను కూడా చిన్న కోటే. నెట్‌లో ఉన్నది వినిపిస్తుంది, లేనిది వినిపించదు. పాట మధ్యలో లోను కావాలా అని ఎవరో అడుగుతారు. కాబట్టి ఆ పక్షం ఇంతటితో వీగిపోయింది.

విశేషాలు

పాత్ర: బడ్జెట్ ప్లేయర్ గుణం అది ఒకే పని చేయడం. దోషం దాని కన్ను, అంటే లేజర్ లెన్సు. అయితే డిస్కు మీద చిన్న గీతలను అది లెక్కచేయదు. సీడీలో తప్పులు దిద్దే అంకెలు పాటతోపాటే అల్లి ఉంటాయి. డిస్కు దారి వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల దాకా చెడినా ప్లేయర్ పాటను పూర్తిగా తిరిగి కట్టుకోగలదు. అందుకనే డిస్కును గుండ్రంగా తుడవకూడదు. గుండ్రని గీత దారి పొడవునా పడి దిద్దుబాటును ముంచుతుంది. నడిమినుంచి అంచుకు నిలువుగా తుడవాలి. లుంగీ అంచు శాస్త్రసమ్మతం కాదు.

బిళ్ల: ఇది రెండు జాతులు. కంపెనీ అచ్చులో ఒత్తినది ఒకటి, రైటరులో కాల్చినది ఒకటి. 2007లో మోసర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అంగట్లో పెట్టింది. 2018లో ఆ కంపెనీయే దివాలా తీసి మూతపడింది. సినిమా పాటల బిళ్ల పోతే పోనీ, ఆ పాట ఇంకోచోట దొరుకుతుంది. కురుమూర్తి జాతరలోనో, పెద్దగట్టు దగ్గరో, చెర్వుగట్టు కిందనో కొన్న ఒగ్గుకథ బిళ్ల, ఊరివాళ్లు ఆడిన చిరుతల రామాయణం బిళ్ల, బతుకమ్మ పాటల బిళ్ల వేరు. ఇవి బహుశా కొద్ది ప్రతులే కాల్చినవి. కాల్చిన బిళ్లలో పాట ఉండేది ఒక పల్చటి రంగుపూతలో. ఎండ తగిలితే, వేడికి ఉడికితే ఆ పూత మారిపోతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు తాకే సీమలో కిటికీ పక్క అల్మారా ఆ బిళ్లకు వల్లకాడు.

నూటయాభై పాటలు: ఇది మాయ కాదు, మడత. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో సీడీ అంకెలకు పదకొండో వంతే మిగులుతుంది. అందుకే 700 ఎంబీ బిళ్లలో పన్నెండు గంటల పాట పట్టింది. మడతలో ముందుగా నలిగేవి తాళాల మోత, కంజిర గలగల, డప్పు మీద పుల్ల పడే తొలి దెబ్బ. కోదాడ మొదలు కొల్లాపూర్ దాకా డప్పుకు పెరిగిన చెవులివి. తేడా తెలియకుండా పోదు. కొడుకు ఈ పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫ్లాక్‌గా మార్చినా ఒకసారి పోయిన పది వంతులు తిరిగి రావు.

ఎండ దుబ్బ: కవి ఈ రెంటినీ ఒకే సమాసంలో కట్టడం గమనించాలి. ఎర్రచెల్క దుబ్బ ప్లేయర్ లెన్సు మీద పొర కడుతుంది. కంప్యూటర్‌కైతే పంకా ఉంది కాబట్టి దుబ్బను పిలిచి పీట వేస్తుంది. కరెంటు పోయి వస్తే ప్లేయర్ మళ్లీ మొదటి పాట ఎత్తుకుంటుంది. కంప్యూటర్ తన డిస్కులన్నీ తనిఖీ చేసి, అప్‌డేటు అడిగి, పాస్‌వర్డు కోరి, ఆ తర్వాత పాట సంగతి ఆలోచిస్తుంది.

అలంకారం: మొదటి రెండు పాదాల్లో బజారు సందేహం. ఆలంకారికులు దీన్ని సందేహాలంకారమని ఒప్పుకోకపోవచ్చు. అతిశయోక్తి మూలంలో కొంచెమే ఉంది, మిగతాదంతా స్పీకరు పెట్టె మీద ఉంది. అక్కడ ‘పీఎంపీఓ’ అని వేల వాట్లు అచ్చు వేస్తారు. మన ఊరి అసెంబుల్డ్ సెట్లలో దశాబ్దాలు మోగిన 4440 యాంప్లిఫయర్ ఐసీ అసలు శక్తి పక్కకు 6 వాట్లు, జోడించి ఒక్కటి చేస్తే 19 వాట్లు. ఆ మాత్రంతోనే గణపతి మండపాలు గడగడలాడాయి. కొనేవాడు పెట్టె మీద అసలు శక్తిని చెప్పే ‘ఆర్‌ఎంఎస్’ అనే చిన్న అంకె వెతకాలి. అది రాయని పెట్టెను అతిశయోక్తికి లక్ష్యంగా విద్యార్థులకు చూపవచ్చు.

రసం: కరెంటు ఉన్నంతసేపు రౌద్రం, పోగానే శాంతం.

సిద్ధాంతం

ఇంతసేపటికి నాయినమ్మ నోరు విప్పింది. “నాకు ఒక్క బటన్ సూపియ్యుర్రి బిడ్డా. గది ఒత్తితే పాట రావాలె. రాకుంటె రెండూ అవుతల వెట్టుర్రి.”

ఇదే మూలంలోని నాలుగో పాదానికి ప్రమాణం. తండ్రీకొడుకులు యంత్రం దిక్కు చూసి వాదించారు. ఆమె తన చేతి దిక్కు చూసి చెప్పింది. ఇంట్లో పాట వినే మనిషి ఎవరి సాయం లేకుండా పాట పెట్టుకోలేకపోతే ఎంత మంచి చిప్పు ఉన్నా ఆ ఇంట సంగీతం లేనట్టే. కొడుకు సెలవులకు వచ్చినప్పుడే పాట మోగితే అది పాట కాదు, పండుగ.

కాబట్టి పాత్ర, కోట అన్నవి ఒకదానికొకటి పోటీ కావు. వాటి పనులు వేరు. కోట పని దాచడం, పాత్ర పని పలకడం. ఆచరణ ఇలా.

కంప్యూటర్‌లో డిస్కు పెట్టే అర ఉంటే మంచిది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి అది లేదు కాబట్టి బయట తగిలించే డీవీడీ రైటరు అరువైనా తెచ్చుకోవాలి. అల్మారాలోంచి మొదట జాతర బిళ్లలు తీయాలి, తర్వాత పెళ్లి బిళ్లలు, సినిమా బిళ్లలు ఆఖరుకు. ఆడియో సీడీలను ఫ్లాక్‌గా, ఎంపీత్రీ బిళ్లలను ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాలి. ఇంకో హార్డ్ డిస్కులోనూ ఒక ప్రతి ఉంచాలి. ఒక్క కోటనే నమ్మినవాళ్లు ఏమయ్యారో చరిత్రలో చూశాం.

తండ్రి కొనే ప్లేయర్‌కు యూఎస్‌బీ రంధ్రం ఉండాలి. నాయినమ్మ వినే పాటలను కొడుకు పెన్‌డ్రైవ్‌లో ఎంపీత్రీలుగా వేసి, దాన్ని ఆ రంధ్రంలో గుచ్చాలి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, లేకుంటే చవక ప్లేయర్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. పాటల పేర్లకు ముందు 01, 02 అని అంకెలు వేయాలి, లేకుంటే దాని ఇష్టం వచ్చిన వరుసలో పాడుతుంది. తెలుగు అక్షరాలు దానికి రావు, నాయినమ్మకూ వాటితో పని లేదు. ఆమెకు కావలసిన బటన్ ఒక్కటే. దాని మీద ఎర్ర బొట్టు బిళ్ల అంటిస్తే చాలు.

మిగిలిన డబ్బంతా స్పీకర్లకు. ఇది టీక మొత్తానికి గుండెకాయ వంటి వాక్యం. రెండువేల ప్లేయర్‌కు, ఇరవైవేల ప్లేయర్‌కు ఉన్న భేదం కంటే చెడ్డ స్పీకరుకు, ఓ మాదిరి స్పీకరుకు ఉన్న భేదం చెవికి ముందు తెలుస్తుంది. పరీక్షకు సినిమా పాట తీసుకుపోవద్దు. డప్పు పాట ఒకటి, నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య వాయించిన పన్నెండు మెట్ల కిన్నెర ఒకటి పట్టుకుపోవాలి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. డప్పు దెబ్బ బొద్దుగా గాక బిగువుగా పడి, సొరబుర్రల గుమ్ములో కిన్నెర తీగ మునిగిపోకుండా విడిగా వినబడితే ఆ స్పీకర్లు తెచ్చుకోవచ్చు. డప్పు ‘బుంయ్’మంటే బేరం దగ్గరే లేవాలి.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో చదివి, స్పీకర్లకు ఎక్కువ, ప్లేయర్‌కు తక్కువ, వైరుకు కావలసినంతే ఖర్చు పెట్టినవారికి ఇంటిల్లిపాదీ శ్రవణసుఖం కలుగును. రాబోయే ఎండాకాలానికి ముందే జాతర బిళ్లలను ఎక్కించినవారికి మునిమనుమల దాకా ఒగ్గుకథ దక్కును. మూడో పిన్నుకు ఎర్త్ వేయించినవారికి గుయ్‌మనే పాపం తొలగును. నాయినమ్మను అడగకుండా పీఎంపీఓ చూసి కొన్నవారికి మాత్రం రసీదు జేబులో పెట్టుకొని మళ్లీ కోఠి బస్సెక్కే పునర్జన్మ తప్పదు.