పక్కన పెట్టిన గుండె ఆత్మకథ

ఈ గుండె ఒక స్త్రీది. రోజుకు దాదాపు లక్షసార్లు, ఆమె నిద్రపోతున్నా ఆగకుండా కొట్టుకుంది. ఆమె బ్రెయిన్‌డెడ్ అయ్యాక ఇంటివాళ్లు ఏడుస్తూనే అవయవదానానికి సంతకం పెట్టారు. మరో ప్రాణం నిలబెట్టే పని దొరుకుతుందని గుండె ఆశపడింది.

"డోనర్ ఆడమనిషి. మా పేషెంట్‌కి ఆ గుండె చాలదు సార్, వద్దు." ఫోన్‌లో ఆ ఒక్క మాటతో దాని కథ తేలిపోయింది. అది ఇప్పటికీ మింగుడుపడదు దానికి.

ఎందుకంటే, దానికి తన తోటి గుండె ఒకటి బాగా గుర్తుంది. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో తొలిసారి ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చారు. అది కారు ప్రమాదానికి గురైన పాతికేళ్ల యువతి డెనీస్ డార్వల్ గుండె. లూయీ వాష్కాన్‌స్కీ అనే పురుషుడి ఛాతీలో 18 రోజులు కొట్టుకుంది. ఆయన ప్రాణం తీసింది న్యుమోనియా, ఆ గుండె కాదు.

అలాగని డాక్టర్ల భయం వట్టిదేమీ కాదు. పురుషులకు స్త్రీల గుండె అమర్చినప్పుడు ఫలితాలు కొంత తగ్గినట్టు అంతర్జాతీయ రికార్డుల్లో ఉంది. ఆ సంగతి గుండె కూడా ఒప్పుకుంటుంది. దాని ఫిర్యాదంతా తనను తూచిన పద్ధతి మీదే. ఏళ్ల తరబడి దాత బరువునూ రోగి బరువునూ పోల్చి జత కుదిర్చారు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నా స్త్రీ గుండెలో కండ పురుషుడి గుండెలోకన్నా తక్కువ. అంటే ఇద్దరూ 70 కిలోలే అయినా, ఆమె గుండె మీద మోయలేనంత పని పడవచ్చు. వయసు, ఎత్తు, బరువుతో పాటు లింగాన్నీ లెక్కలోకి తీసుకుని గుండె కండను అంచనా వేయడం మొదలయ్యాక, ఫలితాల్లోని ఆ తేడాలో చాలా భాగం పరిమాణానిదేనని తేలింది.

పరిమాణం సంగతి అలా ఉంచితే, గుండెకు తగిలే దెబ్బలు వేరే ఉన్నాయి. మెదడు చనిపోయే వేళ ఒంట్లో అడ్రినలిన్ ఉప్పెనలా లేచి, ఛాతీలో ఉండగానే గుండెను గాయపరుస్తుంది. మామూలుగా రక్తం ఆగి మళ్లీ పారినప్పటి దెబ్బను ఆడ జంతువుల గుండెలు మెరుగ్గా తట్టుకుంటాయని ఎన్నో ప్రయోగాల్లో కనిపించింది. ఈస్ట్రోజన్ హార్మోన్ వాటికి కాపు. కానీ బ్రెయిన్‌డెడ్ అయిన ఆడ ఎలుకల్లో ఆ హార్మోనే చప్పున పడిపోయింది. అవసరానికి ఆ కాపు లేకుండా పోతుందన్నమాట.

ఆ పైన మంచు. పొటాషియం ద్రావణం ఎక్కించి కొట్టుకోవడం ఆపి, ఒకదానిలో ఒకటిగా సంచుల్లో మూసి, ఐస్‌పెట్టెలో పెడతారు. గడువు సుమారు 4 గంటలు. అతిగా చల్లబడినా కండకు చేటే. ఆ గడువు కోసమే 2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్ మెట్రో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఒక గుండెను మధ్యలో ఎక్కడా ఆగకుండా, అరగంటలోపే చేర్చింది.

ఈ గుండెకు మాత్రం ఏ రైలూ రాలేదు. కాలేయం ఒక పెట్టెలో వెళ్లింది, కిడ్నీలు మరో రెండింటిలో వెళ్లాయి. గుండె స్టీలు గిన్నెలో, చల్లని ద్రావణంలో, తన వంతు కోసం చూస్తూ ఉండిపోయింది. పని చేయగల కండ అది. చివరికి కవాటాల వరకే పనికొస్తుందని తేల్చి, వాటిని కోసి భద్రపరిచారు. అమెరికాలో కూడా దాతల గుండెల్లో సగానికి పైగా మార్పిడికి నోచుకోవు.

డాక్టరు గారూ, మరో స్త్రీ గుండె గురించి ఫోన్ వస్తే వద్దనే ముందు ఎకో తీయించండి, కండ ఎంతో లెక్క కట్టించండి. పురుషుడికి చాలకపోతే, వెయిటింగ్ లిస్టులో సరిపడే స్త్రీ ఎవరైనా ఉన్నారేమో చూడండి.