ఫిలింస్ డివిజన్ దర్శకులవారికి వాడపల్లి సన్మానపత్రం



సర్కారు డాక్యుమెంటరీలు తీయడానికి 1948లో పుట్టిన ఫిలింస్ డివిజన్‌లో కొలువు పట్టి, బొంబాయి పెడ్డర్ రోడ్డు నీడలో పల్లెలకు పాఠాలు తీసి, పెన్షన్ పుచ్చుకున్న తమకు, కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి నుంచి దండాలు. శాలువా కప్పుదామనుకున్నాం. తమ సినిమాల్లో పల్లెటూరివాడికి తలపాగా, తెల్లమొహం తప్ప శాలువా ఎన్నడూ లేదు. అందుకని మానుకున్నాం.

తమది ఎన్టీఆర్‌కూ పట్టని అదృష్టం. జనం రాకపోతే ఆయన బొమ్మైనా డబ్బా సర్దుకోవాల్సిందే. తమ బొమ్మ ఆడించకపోతే హాలు లైసెన్సుకే ఎసరు వచ్చేది. పైగా అద్దె కింద హాలువాడే వసూళ్ళలో నూటికో రూపాయి చెల్లించుకోవాల్సి వచ్చేది! మిర్యాలగూడలో జనం బయట బీడీ కాల్చుకున్న ఆ పది నిమిషాలే తమ శతదినోత్సవం.

హాలుకు రానివాళ్ళనూ వదల్లేదు. జీపులో 16 ఎం.ఎం. ప్రొజెక్టరు దిగేది, బడి ముందు తెల్లగుడ్డ లేచేది. నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి, తక్కువ కనండి అంటూ ఒక గంభీర కంఠం. అనుమానం అడుగుదామని ఎవడైనా చెయ్యెత్తితే తెర మీద నీడ పడేది, అంతే.

తమ ఆఫీసులోనూ మనుషులుండేవారు, కాదనం. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి ‘ఐ యామ్ 20’ తీశాడు. స్వాతంత్ర్యంతోపాటు పుట్టిన కుర్రకారు ముందు మైకు పెట్టి, వాళ్ళ మాట విన్నాడు. ఆ అంటు సోకకుండా తమరు జాగ్రత్తపడ్డారు. 1975 ఆగస్టులో అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు ఏడాదిపాటు టీవీ పాఠాలు దిగాయి. అవి ఎమర్జెన్సీ రోజులు, దేశమంతా నోరు మూసుకుని వింటున్న కాలం. చెప్పడమే తప్ప వినని తమ బోధనాపద్ధతికి అలా ఆకాశమే ముద్ర వేసింది.

పోతే, కాచి తాగమన్నారు కదా, కాస్తాం. మూసీలో మా దాకా వచ్చే హైదరాబాదు మురుగు ఏ మంట మీద కాస్తే విరుగుతుందో ఆ రీలులో లేదు. మా నరసింహస్వామి ఊపిరికి గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని ఊరి నమ్మకం. మూసీ పక్కన ఉండి కూడా ఆయన ఊపిరి బిగబట్టలేదంటే అది ఆయన ఓపిక. కింద ఉన్నవాడికి శుభ్రత నేర్పడానికి ఇన్ని రీళ్ళు ఖర్చుపెట్టిన తమకు, ఎగువన ఉన్నవాడికి ఒక్క రీలు తియ్యాలని తోచనే లేదా?

2022లో తమ డివిజన్‌ని ఎన్‌ఎఫ్‌డీసీ అనే మరో సర్కారు సినిమా సంస్థలో కలిపేశారని విన్నాం. కలిపితే కలిపారు, కెమెరాలు ఉంటాయిగా. పది నిమిషాల బొమ్మ ఒకటి తీయించండి. కథానాయకుడు హైదరాబాదీ, మూత తెరిచిన డ్రైనేజీ ముందు తెల్లమొహం వేసుకుని నిలబడాలి. వ్యాఖ్యానం మా యాసలో మేమే చదువుతాం, పైసా అక్కర్లేదు. రాజధాని మల్టీప్లెక్సుల్లో హీరో రాకముందే, తలుపులు వేసి మరీ ఆడించాలి. ఆ నూటికో రూపాయి మాత్రం వాడపల్లి పంచాయతీకి జమ చేయించండి. రసీదు ఇస్తాం.