గేరు పడింది, పరువు పోయింది

మా కారుకి గేరు ఓ పట్టాన పడేది కాదు. ఇంట్లో వాళ్ళు దాన్ని కారు లోపం అనుకునేవారు. నేను నా గొప్పతనం అనుకునేవాణ్ణి.

కారంటే అల్లాటప్పా కారు కాదండోయ్. పోర్షే 914, 1971 మోడల్. రెండే సీట్లు, ఊడదీసి వెనక డిక్కీలో పెట్టుకునే టాపు, మీట నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. ఫ్రీమాంట్‌లో మా సందులోంచి బయటికి తీస్తుంటే కుర్రాళ్ళు ఆగి చూస్తారు. పిక్నిక్‌కి వెళ్తే మనవాళ్ళు "పోర్షేనా!" అని నోరెళ్ళబెడతారు. ఆ పూట ఇక నాకు పులిహోర కూడా అక్కర్లేదు.

కానీ అలాంటి చోట అన్నీ తెలిసినవాడు ఒకడు ఉండి తీరతాడు. "ఇంజను ఫోక్స్‌వాగన్‌ది కదండీ?" అంటాడు, అందరికీ వినపడేలా. నిజమే మరి. 1.7 లీటర్ల ఆ ఇంజను ఫోక్స్‌వాగన్ 411ది, దాని బలం 80 హార్స్ పవర్. మా ఆవిడ కామ్రీ ఫ్రీవే మీద దీన్ని అవలీలగా దాటేస్తుంది, పైగా అద్దంలోంచి చెయ్యి కూడా ఊపుతుంది. యూరప్‌లో ఈ బండిని ఫోక్స్‌వాగన్-పోర్షే అని అమ్మారు. అమెరికాలో మాత్రం వట్టి పోర్షే అనే అమ్మారు. నేనీ దేశంలో స్థిరపడ్డందుకు సంతోషించే కారణాల్లో ఇదొకటి. పైకి చెప్పుకోను, అంతే.

గేర్ల సంగతికొస్తాను. ఇందులో మొదటి గేరు అలవాటైన చోట ఉండదు. ఎడమకి నెట్టి వెనక్కి లాగాలి. మనం మొదటిది ఉంటుందనుకునే చోట రివర్సు కాచుకుని ఉంటుంది. అది చాలదన్నట్టు ఇంజను మన వీపు వెనక, గేరు బాక్సు ఆ ఇంజనుకీ వెనక. చేతి కింద మొదలైన గేరు రాడ్డు నడుమ సొరంగంలోంచి పాకి, సీట్ల వెనక రేకు దాటి, ఇంజను పక్కగా పోయి గేరు బాక్సు తోకని అందుకుంటుంది. 1972 దాకా వచ్చిన బండ్లన్నిటికీ ఇదే తంతు. దారి పొడుగునా అతుకులు, ఆ అతుకుల్లో ప్లాస్టిక్ బుష్‌లు. ఏళ్ళ తరబడి ఇంజను వేడికి అవి ఎండి, పగిలి, పొడి రాలిపోతాయి. ఒక్కో అతుకు దగ్గర వెంట్రుకవాసి లూజే, కానీ అన్నీ కూడి మన చేతి దగ్గరకి వచ్చేసరికి జానెడవుతుంది. అప్పుడు రెండో గేరనుకుని వేస్తే నాలుగోది పడుతుంది. మొదటిదనుకుంటే మూడోది పడి, సిగ్నల్ దగ్గర ఇంజను దణ్ణం పెట్టేస్తుంది.

ఆ జానెడు లూజులో ఏ గేరు ఎక్కడ నక్కిందో నా ఒక్కడి చేతికే తెలుసు. మోచెయ్యి కాస్త ఎత్తి, మణికట్టు తిప్పి, ఊపిరి బిగబట్టి... ఎందుకు లెండి, అదొక విద్య. మా బావమరిది వచ్చినప్పుడు సరదా పడి నడపబోయి, వీధి చివర వెనకున్న వాళ్ళందరి చేతా హారన్లు కొట్టించాడు. "బావగారూ, మీరే రండి" అని దిగిపోయాడు. "ఇది అందరికీ లొంగదోయ్" అని నేనెక్కి కూర్చున్న తీరు మీరు చూసి ఉండాల్సింది.

ఈ విద్యకి ఇంట్లో మాత్రం గుర్తింపు లేదు. ఆ ఏడాది మోడల్లో పక్క సీటు ముందుకీ వెనక్కీ జరగదు. కాళ్ళు ఆనించుకోడానికి అటూ ఇటూ జరుపుకునే ఫుట్‌రెస్టు ఒకటి ఇచ్చారు. గేరు కర్రుమన్నప్పుడల్లా మా ఆవిడ దాన్ని ఒక్క తన్ను తన్నేది. "ఏమండీ, గేరు వేస్తున్నారా, పిండి రుబ్బుతున్నారా?"

కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న మా అమ్మాయి నడుపుతానంది. నడిపింది, ఇండియన్ స్టోరు ముందే ఆగిపోయింది. "అనుభవం కావాలి తల్లీ" అన్నాను, గొంతులో కాస్త బరువు పెట్టి. ఇంటికొచ్చాక అది ఫోను లైటు వేసుకుని బండి కిందకి తొంగి చూసింది. చెయ్యి పెట్టి తడిమి, గోధుమరంగు పెళుసు ముక్క ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "నాన్నా, అనుభవం కాదు. ఏదో విరిగిపోయింది."

ఇక మార్చక తప్పలేదు. కొత్త బుష్‌ల సెట్టు తెప్పించాను. బండిని స్టాండ్ల మీదకి ఎత్తి, "గంటలో పని" అని ప్రకటించి కింద దూరాను. ఆ ప్రకటన మీరూ ఏదో ఒక ఆదివారం చేసే ఉంటారు. పాత బుష్ పొడి పొడిగా కళ్ళల్లో పడింది. కొత్తదేమో దాని గూటికన్నా లావుగా ఉన్నట్టు అనిపించింది. బొటనవేలితో నొక్కాను, సుత్తి పిడితో నెట్టాను. అది జారి నా ఛాతీ మీద పడి, దొర్లుకుంటూ పోయి మా ఆవిడ చెప్పు దగ్గర ఆగింది. టీ పట్టుకొచ్చి నించుంది ఆవిడ.

"ప్లాస్టిక్కే కదా, వేణ్ణీళ్ళల్లో వేస్తే మెత్తబడదూ?"

జర్మన్ ఇంజనీరింగ్ అంటే ఏమిటో పడుకునే వివరించాను. ఆవిడ వినకుండా దాన్ని తీసుకుని లోపలికి పోయి, గిన్నెలో మరగనిచ్చి, పట్టకారుతో పట్టుకొచ్చింది. అమ్మాయి నన్ను పక్కకి జరగమని కిందకి దూరింది. టక్కుమని కూర్చుంది బుష్. ఈ పనిలో చెయ్యి తిరిగిన వాళ్ళంతా ముందు వేణ్ణీళ్ళల్లోనే నానేస్తారని తర్వాత తెలిసింది. ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి.

బుష్‌లు పడ్డాక గేర్లు సరిచూసుకోవాలి. రాడ్డుని తిప్పితే కుడి ఎడమలు మారతాయి, ముందుకీ వెనక్కీ జరిపితే నిలువు మారుతుంది. విప్పేముందే పాత స్థానం గుర్తు పెట్టుకోవాలి. నేను బుర్రలో పెట్టుకున్నాను. అమ్మాయి ఫొటో తీసి పెట్టుకుంది. ఏది పనికొచ్చిందో మీకు వేరే చెప్పాలా? ఇక మొన ఉన్న చిన్న స్క్రూ ఒకటుంది. అది వదులైతే గేరు కర్ర చేతిలో ఊరికే ఊగుతుంది, మనం నడిరోడ్డు మీద ఉంటాం. దాన్ని బిగించే గౌరవం నాకే దక్కింది. నేను లేవగానే మా ఆవిడ వంగి ఇంకో పావు చుట్టు బిగించింది.

ఇప్పుడు రెండు వేళ్ళతో గేరు పడుతోంది. ఎవరికైనా పడుతోంది, అదే నా బాధ. మొన్న మా ఆవిడ లివర్‌మోర్ గుడి దాకా ఒక్క కర్రు లేకుండా నడిపింది. దారంతా "ఇంతేనా? దీనికా ఇన్నాళ్ళు అంత హడావుడి చేశారు?" అంటూనే ఉంది. జరగని సీట్లో కూర్చున్నవాడికి జవాబేం తోస్తుంది?

మీ ఇంట్లోనూ పాత బండి ఉండి, గేరు పడక సతాయిస్తుంటే బుష్‌లు మార్చండి, కష్టమేం లేదు. ముందు మాత్రం తాళానికి రెండో కాపీ ఒకటి చేయించి జేబులో వేసుకోండి. నాది ఇప్పుడు మా అమ్మాయి బ్యాగులో ఉంటోంది.