గుర్రం ఓడినా మనం ఓడకూడదు

గుర్రప్పందెం జూదం కాదు. ఈ మాట నాది కాదు, సుప్రీంకోర్టుది. మద్రాసు రేస్ క్లబ్బు కేసులో 1996లో తీర్పు ఇస్తూ, గుర్రాల మీద పందెం కాయడానికి ప్రధానంగా కావలసింది నైపుణ్యమేనని తేల్చింది. ఆ నైపుణ్యం ఎవరెవరికి ఉందో పేర్లు రాయలేదు కనక మనకు ఉన్నట్టే లెక్క. మలక్‌పేట రేస్ కోర్సుకు బయలుదేరే ముందు ఈ తీర్పు సంవత్సరంతో సహా కంఠతా పట్టండి. గుర్రాన్ని ఎంచుకోవడానికి అక్కరకు రాదు గానీ, రాత్రి ఇంట్లో వాళ్లు లెక్క అడిగినప్పుడు దీన్ని మించిన ఆధారం లేదు.

మౌలాలీలో జరిగే పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించాడు. మధ్యలో ఆగి మళ్లీ మొదలైన ఏళ్లు తీసేసినా, తరాల తరబడి హైదరాబాదు జనం ఆ గడ్డి మీద గెలిచే గుర్రం కోసం వెతుకుతూనే ఉన్నారు. ఇంతమంది వెతికినా చిక్కలేదంటే వాళ్ల పద్ధతిలో లోపం ఉన్నట్టు. వాళ్లందరూ రేసు పుస్తకం చదివారు. మీరు ఆ పొరపాటు చేయకండి.

పుస్తకం నిండా అంకెలే. కిందటి ఐదారు రేసుల్లో గుర్రం ఎన్నో స్థానంలో వచ్చింది, ఎంత దూరం పరిగెత్తింది, ఎన్ని కిలోలు మోసింది, ఏ జాకీ ఎక్కాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు... పెళ్లి సంబంధానికి కూడా ఎవరూ ఇంత ఆరా తియ్యరు. ఊళ్లో తెలిసినవాళ్లు లేనివాడు పుస్తకం చదువుతాడు. తెలిసినవాళ్లు ఉన్నవాడికి ఖబర్ వస్తుంది.

ఖబర్ ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు దాన్ని గుర్తుపట్టలేక పోగొట్టుకుంటారు. గేటు బయట చాయ్ తాగుతుంటారు. మాసిన చొక్కా, చెవిలో బాల్‌పెన్నూ ఉన్న ఒకాయన పక్కన నిలబడతాడు. మీ వైపు చూడడు. సిగరెట్ పెట్టె అట్టముక్క మీద ఏదో రాసి, నాలుగు మడతలు పెట్టి, మీ చాయ్ గ్లాసు కింద దోపుతాడు. "అన్నా, నాలుగో రేసు. లాయంలకెల్లి వచ్చిన మాట. ఎవరికీ చెప్పకు" అంటాడు. విప్పి చూస్తే ఏడో నంబరు. అదే ఖబర్.

పది నిమిషాల తర్వాత ఆయనే బుకీల దగ్గర ఇంకొకరి చెవిలో "మూడు" అనడం మీకు వినపడవచ్చు. అనుమానం పెట్టుకోకండి. పది గుర్రాలున్న రేసులో పదిమందికి పది నంబర్లు పంచిపెట్టే మనిషిని ధర్మాత్ముడనాలి గానీ మోసగాడనకూడదు. రేసు అయ్యాక గెలిచినవాడి దగ్గరికి వచ్చి, "చెప్పిన్నా లేదా?" అని వాటా పుచ్చుకుంటాడు. మిగతా తొమ్మిదిమందికి ఆ రోజు మళ్లీ కనపడడు. వాళ్ల బాధ కళ్లారా చూడలేడు, అంత మెత్తని మనసు. అంత గట్టి కబురు తెలిసినవాడు తానే ఎందుకు కాయడని అడిగే కుంచిత బుద్ధులు కొందరుంటారు. పదిమంది బాగు కోరేవాడికి సొంత లాభం ఎందుకు?

ఖబర్ బలం చుట్టరికాన్ని బట్టి ఉంటుంది. ట్రైనర్ స్వయంగా చెబితే లెక్కలోకి తీసుకోకండి, ఆయన "ఛాన్సుంది సార్" అని మాత్రమే అంటాడు, అన్ని గుర్రాలకూ అదే అంటాడు. ఓనర్ డ్రైవర్ చెబితే పరవాలేదు. జాకీకి జుట్టు కత్తిరించేవాడు చెబితే కొంచెం గట్టిది. గుర్రాన్ని సాకే సైస్ బావమరిదికి స్నేహితుడని చెప్పుకునేవాడు దొరికితే మాత్రం ఇల్లు తాకట్టు పెట్టవచ్చు. కబురు ఎంత దూరం నుంచి వస్తే, దారిలో అన్ని నోళ్లలో పడి అంత రూఢి అవుతుంది.

ఖబర్ చేతిలో ఉన్నా, ఒకసారి ప్యాడక్ దగ్గరికి వెళ్లి గుర్రాన్ని చూడటం మర్యాద. రేసుకు ముందు సైసులు వాటిని గుండ్రంగా నడిపిస్తూ ఉంటారు. పెద్దవాళ్లు కంచె పట్టుకుని వంగి, ఒంటి మీద మెరుపు ఉందా, నడకలో తొణకకుండా ఉందా, మెడ కింద చెమట నురుగు కట్టిందా అని చూస్తారు. నురుగు కడితే సత్తువంతా ఇక్కడే ఖర్చవుతోందని పెదవి విరుస్తారు. మీరు అలా విరవకండి. ఇంకా పరుగు మొదలవక ముందే చెమటోడుస్తున్న గుర్రం కష్టజీవి. కష్టానికి ఫలితం ఉంటుందని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు కదా.

మరో రహస్యం. ప్యాడక్‌లో ఏ గుర్రం తోకెత్తి పేడ వేస్తుందో కన్ను వేసి ఉంచండి. అధికారులు జాకీని జీనుతో సహా తూకం వేసి, కిలో తక్కువైతే సీసం పలకలు పెట్టించి మరీ సరిచేస్తారు. అలాంటివాళ్లు గుర్రం తనంతట తాను దించుకున్న బరువును ఎక్కడా రాసుకోరు. వ్యవస్థలో ఉన్న ఈ ఒక్క లొసుగునైనా మనం వాడుకోవాలి.

బరువు మాట వచ్చింది గనక హ్యాండీక్యాప్ గురించి. బాగా గెలుస్తున్న గుర్రానికి రేటింగు పెంచి, వచ్చే రేసులో ఎక్కువ కిలోలు మోయిస్తారు. ఓడుతున్నదానికి తగ్గిస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటాలని హ్యాండీక్యాపర్ ఆశ, ఆయన ఉద్యోగమే అది. కిందటిసారి 54 కిలోలతో మెడ తేడాతో గెలిచిన గుర్రం ఈసారి 60 మోస్తోందంటే వెనక్కి తగ్గేవాళ్లు తగ్గుతారు. మీరు ఇలా ఆలోచించండి: దాని సత్తా మీద క్లబ్బుకే ఆరు కిలోల నమ్మకం పెరిగింది, మనకెందుకు పెరగకూడదు? ఇక అన్నిటికన్నా తక్కువ బరువున్న గుర్రం ఉంటుంది. దాని మీద అధికారులకే జాలి కలిగింది. జాలిలో మనం వాళ్లకు తీసిపోకూడదు కనక దాని మీదా ఒక టికెట్ కొనండి.

జాతకం, పేరుబలం, కూతురి పుట్టిన తేదీ, బండి నంబరు: ఇవన్నీ పనిచేస్తాయి. ఒకదాన్నొకటి ఖండించుకున్నప్పుడు అన్నిటి మీదా కాయండి.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. ఏ దేశంలో చూసినా జనం ఎక్కువగా కాసే ఫేవరెట్ గుర్రం సుమారు మూడు రేసుల్లో ఒకటి గెలుస్తుంది. తెలివైనవాడు ఈ అంకెను తిరగేస్తాడు. ఫేవరెట్ మూడింట రెండుసార్లు ఓడుతుందంటే, ఫేవరెట్ కాని గుర్రాన్ని పట్టుకున్నవాడికి మూడింట రెండొంతుల గెలుపు ఖాయం. ఆ మిగతా గుర్రాలు తొమ్మిది ఉన్నాయని ఎవరో అంటారు. లెక్కల మధ్యలో అడ్డు మాటలు వినకూడదు.

అసలు సొమ్ము ఉండేది అందరూ నవ్వే గుర్రం మీద. 1967లో ఇంగ్లండులోని ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ పందెం. ఫొయ్‌నావన్ అనే గుర్రానికి ధర ఒకటికి వంద. దాని యజమాని మైదానానికే రాలేదు, ట్రైనర్ వేరే ఊరి రేసులకు వెళ్లాడు. 23వ కంచె దగ్గర ముందు పోతున్న గుర్రాలు ఒకదానికొకటి అడ్డం పడి, జాకీలు కింద దొర్లి, అంతా కలగాపులగమైంది. వెనకెక్కడో నిదానంగా వస్తున్న ఫొయ్‌నావన్ సందు చూసి దూకి, అందరూ తేరుకునేలోపు వెళ్లిపోయి గెలిచింది. కనక బోర్డు మీద అందరికన్నా ఎక్కువ ధర ఉన్న గుర్రాన్నే ఎంచుకోండి. మలక్‌పేటలో కంచెలు లేవు, చదును ట్రాకు. అయినా ముందున్న తొమ్మిదీ పడిపోకూడదని రూలేమీ లేదు.

ఇవేవీ వద్దు, గ్యారంటీ కావాలంటారా? ఉంది. జాక్‌పాట్ అంటే వరసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలను ముందే చెప్పడం. రేసుకు రెండేసి గుర్రాలు తీసుకుంటే 32 కాంబినేషన్లు, మూడేసి అయితే 243. ఈ పిసినారితనం వల్లే జనం ఓడుతున్నారు. రేసుకు పదేసి గుర్రాలుంటే మొత్తం లక్ష కాంబినేషన్లు. లక్షా కొనండి. జాక్‌పాట్ మీకు రాకుండా ఆపగలిగేవాడు ఈ భూమి మీద లేడు. వచ్చిన డివిడెండు పెట్టిన సొమ్ములో ఎంతన్నది వ్యాపారస్తులు చూసుకునే సంగతి, మనం క్రీడాభిమానులం.

పన్ను గురించి బెంగ వద్దు. పందెం మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతమైంది. అదీ లాభం మీద కాదు, కాసిన మొత్తం మీద. గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్ వేరే. గేటు తెరుచుకోకముందే ఆ రోజు గెలిచేది ఎవరో అందరికీ తెలిసిపోయే పందెం ఇదొక్కటే. ఓడిన డబ్బుకు కూడా పన్ను కట్టే పౌరులం మనం. దక్కన్ డెర్బీ ఆనవాయితీగా అక్టోబర్ 2న జరుగుతుంది. గాంధీ జయంతినాడు మందు దుకాణాలు మూసినా, దేశసేవకు మనకు ఒక కౌంటరు తెరిచే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పినవి చిన్న విద్యలు. పెద్ద విద్య ఏమిటంటే, గుర్రాన్ని ఎంచుకునేటప్పుడే అది ఎందుకు ఓడిందో కూడా ఎంచిపెట్టుకోవాలి. ఆఖరి రెండొందల మీటర్లలో స్టాండ్ మొత్తం లేచి నిలబడ్డప్పుడు గుర్రాలను కాదు, పాతకాపులను గమనించండి. ఒకాయన రేసు పుస్తకాన్ని చుట్టి, జాకీ కొరడాతో పాటే తన తొడ మీద కొట్టుకుంటూ "చల్, చల్, చల్" అంటుంటాడు. గీత దాటిన మరుక్షణం ఆ చుట్ట విప్పుకుంటుంది. టికెట్ నాలుగు ముక్కలవుతుంది. ముక్కలు నేలను తాకేలోపే నోటి నుంచి కారణం వస్తుంది: "జాకీ లాగేసిండు."

గుర్రాన్ని జాకీయే కావాలని వెనక్కి పట్టాడనడం కారణాలకు రాజు. వాన పడ్డప్పుడు ట్రాకు మెత్తబడిందని, పడనప్పుడు గట్టిగా ఉందని అనవచ్చు. గేటులో బయటి నంబరు వస్తే చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది, లోపలి నంబరు వస్తే రైలింగుకు నొక్కేశారు. 1200 మీటర్లయితే దూరం చాలలేదు, 1600 అయితే దమ్ము చాలలేదు. ఇన్నేళ్ల మలక్‌పేటలో "నేను ఎంచుకున్నదే తప్పు" అన్నవాడు ఒక్కడు నాకు తగల్లేదు. కారణాలు పోగయ్యే కొద్దీ మీ మాటకు విలువ పెరుగుతుంది. నాలుగైదు సీజన్లు గడిచేసరికి కొత్తవాళ్లు మీ చుట్టూ చేరి తర్వాతి రేసులో ఏది వస్తుందని అడుగుతారు. అప్పుడు చెవిలో బాల్‌పెన్ను పెట్టుకోవచ్చు.

చివరి రేసు గురించి ఒక్క ముక్క. అప్పటికి ఎంత పోయిందో కూడండి, దాన్ని తిరిగి తెచ్చే ధర ఉన్న గుర్రం ఏదో బోర్డు మీద చూడండి, జేబులో మిగిలింది దాని మీద పెట్టండి. గుర్రం పేరు చూడనక్కర్లేదు. మెట్రో కార్డులో డబ్బు మాత్రం పొద్దున్నే వేయించుకోండి. మలక్‌పేట స్టేషను దగ్గరే, కార్డులో ఉన్న సొమ్మును బుకీలు ఇంకా తీసుకోవడం లేదు.