రెండు యాలక్కాయల గంజి

నేను చాలా సింపుల్ మనిషిని. ఈ మాట బయట ఎన్నిసార్లయినా చెప్పగలను గానీ ఇంట్లో మాత్రం చెప్పలేను. ఒకసారి నోరు జారితే మా ఆయనకి దగ్గొచ్చింది, మామగారు పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నారు, అత్తగారు పొయ్యి మీద ఏమీ లేకపోయినా "అయ్యో, మాడిపోతోంది" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

తప్పు నాదే. పెళ్ళిచూపుల్లో ఆవిడ "నీకేమంటే ఇష్టం అమ్మాయ్?" అని అడిగితే, "పట్టుచీరలూ నగలూ నాకు పడవండీ. ఓ నేత చీర, చెవులకి జుంకాలు, స్టిక్కరు బొట్టు, అంతే" అన్నాను. ఆవిడ మొహం చాటంత అయింది. ఖర్చు లేని కోడలు దొరికిందనుకున్నారు పాపం. ఐదేళ్ళు తిరిగేసరికి బీరువాలో నూలు చీరలు 43 అయ్యాయి. మంగళగిరివి, వెంకటగిరివి, పోచంపల్లి ఇక్కత్‌లు, నారాయణపేట గళ్ళు, ఉప్పాడ జాందానీ ఒకటి (అది చెల్లెలి దగ్గర అప్పు తెచ్చుకున్నది, తిరిగిచ్చే ఉద్దేశం లేదు). నా చీరలు పోగా మిగిలిన మూలలో మా ఆయన చొక్కాలు నాలుగు, పండగ రోజు ఆర్టీసీ బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి.

ఉదయం ఎనిమిదింటికి మా ఆయన నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ప్రేమతో కాదు, కుచ్చిళ్ళు పట్టుకోవడానికి. గంజి పెట్టిన చీర ఒక్కరికి లొంగదు. పైన నేను మడతలు పెడుతుంటే కింద ఒకరు ఒక్కో మడతా సర్ది, గోటితో గీటు తీసి, అన్నీ కలిపి బిగించి పట్టుకోవాలి. మొదట్లో "ఇదేం పనోయ్" అని విసుక్కున్నవాడు ఇప్పుడు నాకే పాఠాలు చెబుతున్నాడు. "ఐదే వచ్చాయి, కొంగు ఎక్కువ వదిలావు, విప్పు" అంటాడు. హాల్లోంచి అత్తగారు "నాన్నా, ఇడ్లీలు చల్లారిపోతున్నాయిరా" అని కేకేస్తారు. పిలుపు కొడుక్కి, మాట నాకు.

అప్పటికి నేను జవాబు చెప్పే స్థితిలో ఉండను. నోట్లో మూడు పిన్నీసులుంటాయి. ఒకటి భుజానికి, ఒకటి కుచ్చిళ్ళకి, మూడోది ఎందుకో నాకూ తెలీదు, మా అమ్మ పెట్టుకునేది, నేనూ పెట్టుకుంటాను. మా మూడేళ్ళ పాప బొమ్మకి నా చున్నీ చుడుతూ నోట్లో అగ్గిపుల్ల పెట్టుకుని "ఊఁ... ఊఁ..." అంటుంది. చీర కట్టాలంటే ముందు నోరు మూసుకోవాలని దానికి అర్థమైంది.

జాకెట్ల కథ వేరే. పాప పుట్టాక నా పాత జాకెట్లన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. జాకెట్లే చిన్నవయ్యాయి, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. టైలర్ బాబాయి ముందుచూపున్న మనిషి, లోపల రెండేసి కుట్లకి గుడ్డ వదిలాడు. ఆ రెండూ విప్పేశాం. ఇంక విప్పడానికి కుట్టు లేదు. కొత్తవి కుట్టమంటే పద్నాలుగు వందల చీరకి లైనింగుతో సహా తొమ్మిది వందల కుట్టుకూలి, పైగా "రేపు రామ్మా". బాబాయి రేపు ఏ క్యాలెండర్లోనూ ఉండదు.

అప్పుడు కనిపెట్టాను కలంకారీ జాకెట్టుని. అది ఏ చీరకీ మ్యాచ్ కాదు గనక అన్ని చీరలకీ మ్యాచ్ అవుతుంది. రెండు కొన్నాను. 43 చీరలూ ఆ రెండింటితోనే నడిచాయి. ఆఫీసులో అమ్మాయిలు "ఎప్పుడూ ఒకే స్టైల్ మెయింటెయిన్ చేస్తారే" అంటే చిన్నగా నవ్వి, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారనీ, బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారనీ, నలుపు రంగుకి ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి రోజుల తరబడి నానబెడతారనీ, అన్నీ ప్రకృతి రంగులేననీ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఓసారి పెడన నుంచి వచ్చిన కొత్త అమ్మాయి నా చెయ్యి అంచు తిరగేసి చూసి, "ఇది స్క్రీన్ ప్రింటండీ" అంది. మెల్లగానే అంది. క్యాంటీన్‌లో అంతమంది ఎలా విన్నారో నాకిప్పటికీ తెలీదు.

నేను మారే మనిషిని కాను. తెనాలిలో పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మంగళగిరిలో ఆగుతాను. ఆటో వాడు కొండ మీద గుడికేమో అనుకుంటాడు. నేను దర్శనం వచ్చేసారి చేసుకుంటానని స్వామికి కిందనుంచే దణ్ణం పెట్టి, నేతవాళ్ళ ఇంటికి పొమ్మంటాను. ఆ ఇంట్లో గుంట మగ్గం. నేలలో గొయ్యి, అందులో కాళ్ళు పెట్టుకుని పెద్దాయన తొక్కుడు చెక్కలు తొక్కుతుంటే, చీర అంగుళం అంగుళం పెరుగుతూ ఉంటుంది. ఒంటి మీద బుటా ఉండదు, గీత ఉండదు, పోగుకీ పోగుకీ మధ్య సందు కనిపించదు, అందమంతా జరీ అంచులోనే. నేను అక్కడ కూర్చుని, చీర అంచు పక్కన సూది బెజ్జాల్లాంటి గుర్తులు చూపించి, "ఇవుంటేనే చేనేత అని గుర్తండీ" అని చెప్పాను. ఎవరికి చెప్పాను? ఆ మగ్గం మీద నలభై ఏళ్ళుగా బతుకుతున్న ఇంట్లో, ఆ పెద్దావిడకి చెప్పాను.

ఆవిడ పాపం "అవునమ్మా" అంది. ఆవిడ కట్టుకున్నది పూలపూల పాలిస్టరు చీర. నా చూపు దాని మీద పడటం ఆవిడ చూసింది. "నీళ్ళ బిందెలెత్తేది, కండెలు చుట్టేది, మగ్గం కాడ కూలబడేది, ఆ గంజి చీరలతో ఎట్టా కుదురుద్దమ్మా? దీన్నయితే తడిపి ఆరేస్తే గంటలో ఆరుద్ది" అంది. నేను నోరెత్తలేదు. అసలు రహస్యం ఇప్పుడు చెబుతున్నాను, ఆఫీసు నుంచి ఇంట్లో అడుగుపెట్టిన నాలుగు నిమిషాలకి నేనూ నైటీలో ఉంటాను. మెడ దగ్గర దారాలు లేచిపోయిన నీలం నైటీ. కాలింగ్ బెల్లు మోగితే పైన వేసుకోవడానికి తలుపు వెనక మేకుకి ఒక చున్నీ. నా అసలు స్టైల్ ఏదంటే అదే. దాని మీద ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ రోజు ఆవిడ దగ్గర కొన్నది గచ్చకాయ రంగు చీర, ఎర్ర అంచు. డబ్బులు తీసుకుని ఆవిడ అడిగింది, "గంజి పెట్టడం వచ్చు గందా?"

"ఆ మాత్రం రాదా?" అన్నాను.

రాదు. మా ఇంట్లో అన్నం కుక్కర్లో వండుతాం, వార్చేదే లేనప్పుడు గంజి ఎక్కడిది? అన్నాళ్ళూ ఇస్త్రీ అబ్బాయే గంజి పెట్టి తెచ్చేవాడు. అతను ఊరెళ్ళాడు. సరిగ్గా అప్పుడే 2025 ఆగస్టు 7 వచ్చింది. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని, 2015 నుంచి ఆ తేదీని జాతీయ చేనేత దినోత్సవం చేశారు. ఆఫీసులో అందరూ నేత బట్టల్లో రావాలి, నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. స్క్రీన్ ప్రింటు పరువు తిరిగి తెచ్చుకునే అవకాశం.

ముందు ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. "గంజికేముందే, గుప్పెడు సగ్గుబియ్యం నీళ్ళలో ఉడకబెట్టి..." అంటుండగా మా అత్తగారు కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశారు. "...చీర ముంచి పిండి, నీడలో ఆరెయ్" అన్నది మాత్రం వినపడింది. ఆ మిక్సీ మోతలో కలిసిపోయిన మాట "పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపి" అని నాకు గురువారం దాకా తెలియలేదు.

సగ్గుబియ్యానికి పేరులో బియ్యమే గానీ అది కర్రపెండలం దుంపల పాల నుంచి తీస్తారు. పెద్దాపురం, సామర్లకోట వైపు దాని మిల్లులున్నాయి. డబ్బాలో పావుకిలో పైనే ఉంది. గుప్పెడంటే ఎవరి గుప్పెడు? అమ్మ చెయ్యి చిన్నది, నా చీర కొత్తది. మొత్తం పోశాను. ఉడుకుతుంటే వాసన ఏమీ బాగాలేదు. ఆఫీసుకి కట్టుకెళ్ళేది కదా అని రెండు యాలక్కాయలు చిదిమి వేశాను. ఆ క్షణంలో అది నాకు చాలా తెలివైన పనిగా తోచింది.

బకెట్లో చీర ముంచితే దానికి ఎంత కావాలో అంత పట్టింది, మిగతాది బకెట్లో జిగురుగా నిలిచింది. మంగళగిరి చీర కదా. అక్కడి పానకాల స్వామి కూడా పోసిన పానకంలో సగమే తాగి సగం భక్తులకి వదిలేస్తాడు. ఆ మిగిలిన సగం నేను బాల్కనీ తూములో పోశాను. మర్నాటి నుంచి ఆ తూముకి చీమలు యాత్రకొచ్చాయి.

ఆరిన చీర దండెం మీద నుంచి తీస్తే మడత పడలేదు. అప్పడంలా ఉంది. గోడకి ఆనిస్తే నిలబడింది. నేనూ మా ఆయనా చెరో కొసా పట్టుకుని తాడులాగుడు పోటీలా లాగాం. ఫెళఫెళ చప్పుడుకి కింది ఫ్లాట్ వాళ్ళు ఇల్లు సర్దుతున్నారా అని అడిగారు. దగ్గరగా చూస్తే చీర నిండా చిన్న చిన్న మెరిసే గుండ్లు, సగ్గుబియ్యం గింజలు ఎండి అతుక్కుపోయాయి. గోటితో గీకితే కొన్ని ఊడాయి, కొన్ని దారంతో సహా వస్తామన్నాయి.

గురువారం పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే ఒకావిడ కొంగు పట్టుకుని, "ముత్యాల వర్కు చేయించారా? ఎంతయింది?" అంది. నేను కాదనలేదు. ఈ వ్యాసంలో సిగ్గుపడాల్సిన చోటు ఇదొక్కటే అని నా లెక్క. "తెలిసినవాళ్ళు చేశారండీ" అన్నాను. మాట్లాడాను, చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. కూర్చోవడానికి చీర ఒప్పుకోలేదు కాబట్టి మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాను. అందరూ దాన్ని హుందాతనం అనుకున్నారు.

సాయంత్రం వాన. శ్రావణమాసం హైదరాబాద్ వాన, చెప్పి రాదు, వస్తే ఆగదు. ఆఫీసు నుంచి రాయదుర్గం మెట్రో స్టేషన్ దాకా పది నిమిషాల నడక. మూడో నిమిషానికి గింజలు మళ్ళీ ఉబ్బడం మొదలుపెట్టాయి. ఐదో నిమిషానికి కుచ్చిళ్ళు కాళ్ళకి అతుక్కున్నాయి. అమీర్‌పేటలో రైలు మారేసరికి నేను సగం ఉడికిన పాయసాన్ని. పక్కన నిలబడ్డ పెద్దావిడ రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఎవరో ప్రసాదం తీసుకెళ్తున్నట్టున్నారు" అని మనవడితో అంది. కిటికీ వైపు తిరిగాను. కేపీహెచ్‌బీలో దిగే దాకా ఆ పిల్లాడు నా చేతిసంచీ వైపే ఆశగా చూశాడు.

ఇంటికొచ్చి నైటీ వైపు పరిగెడుతుంటే మా పాప అడ్డొచ్చి కొంగు పట్టుకుంది, వేలు నోట్లో పెట్టుకుంది, "అమ్మ తీపి లేదు" అని హాల్లో ప్రకటించింది.

ఆ సమయానికే మా అత్తగారు వంటింట్లో ఒక డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టి, మళ్ళీ తీశారు. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. సేమ్యా సగ్గుబియ్యం పాయసం కోసం ఆవిడ నెల ముందే తెచ్చిపెట్టుకున్న సగ్గుబియ్యం అది. ఆవిడ చీర వైపు చూశారు, డబ్బా వైపు చూశారు. నేను ఏమైనా అంటారేమోనని నిలబడ్డాను. ఆవిడ అన్నదల్లా, "యాలకులు కూడా వేశావా అమ్మాయ్?"

వ్రతానికి ఉత్త సేమ్యా పాయసమే చేశారు. తాంబూలానికి వచ్చిన పేరంటాళ్ళు బాగుందన్నారు. నేను పట్టుచీర కట్టుకున్నాను, గంజి అక్కర్లేదు కదా. శనగలు పంచుతుంటే మా పాప ప్రతి ఒక్కరికీ, "పాయసం అమ్మ చీర తాగేసింది" అని చెప్పింది. చిన్నపిల్ల మాట అని అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు.

ఆ వారంలోనే వంటింటి అరలో రెండు డబ్బాలు వెలిశాయి. మామగారి గుండ్రటి చేతిరాతతో ఒకదాని మీద "దేవుడికి", రెండోదాని మీద "చీరలకి" అని చీటీలు అంటించి ఉన్నాయి. పక్కనే మేకుకి వడకట్టే పల్చటి గుడ్డ. ఎవరూ ఎవరితోనూ ఆ విషయం మాట్లాడలేదు. మొన్న ఆదివారం మా ఆయన చీటీ చూసుకోకుండా "చీరలకి" డబ్బాలోంచి తీసి సగ్గుబియ్యం ఉప్మా చేశాడు. పోపు బాగా కుదిరింది గానీ గరిటె గిన్నెలో నిటారుగా నిలబడింది.