పూర్వుల బాటలు: ఒక సైకిలు ఆత్మకథ

నేను ఉక్కు వంశమున జన్మించినదానను. అతుకు పడవలసిన రెండు కొనలయందును దళసరిగను, బరువు అనావశ్యకమైన నడుమభాగమున పలుచగను ఉండునట్లు ఉక్కు గొట్టములను తయారుచేయు పద్ధతికి ఆల్ఫ్రెడ్ మిల్వర్డ్ రేనాల్డ్స్ అను బర్మింగ్‌హామ్ వాసి 1897లో పేటెంటు పొందెను. నా శరీరములోని గొట్టములన్నియు ఆ సంతతికి చెందినవే. ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న కార్ఖానాలో, ఏండ్ల తరబడి కొలిమి మంటనెదుట నిలిచి చూపు కొంత మందగించిన ఒక వృద్ధశిల్పి, ఆ గొట్టములను ఇత్తడి కరగించి అతికి, అతుకెచ్చట నున్నదో వ్రేలికి కూడ తెలియనంత నునుపుగా ఆకురాయితో రాచి, నాకు రూపమిచ్చెను. నా హ్యాండిలు పందెపు సైకిళ్లకువలె క్రిందికి వంగి యుండును. టైర్లు మాత్రము 45 మిల్లీమీటర్ల వెడల్పున గరుకుగా నుండి, రాతిపై పడినప్పుడు ఎగిరిపడక ఆ రాతిని పొదువుకొని దాటునట్లు తక్కువ గాలితో మెత్తగా నుండును. ఇటువంటి మమ్ములను గ్రావెల్ బైకులందురు. తారురోడ్డుపై వేగమును, కంకరదారిపై ఓర్పును మా కులధర్మములు.

నేను తిరుగాడు సీమ ఇంగ్లండు వాయవ్యభాగమున, కంబ్రియాలోని లేక్ డిస్ట్రిక్టు. 978 మీటర్ల ఎత్తుగల స్కాఫెల్ పైక్ ఆ దేశమున కెల్ల ఉన్నతశిఖరము. దానికి చేరువనున్న వాస్ట్‌వాటర్ ఆ దేశమున కెల్ల లోతైన సరస్సు. హిమయుగమున మంచునదులు కొండల నడుమ మెల్లగా జారుచు, లోయలను అడుగున వెడల్పుగను ప్రక్కల నిట్రముగను తొలిచి, తాము కరగిపోవునప్పుడు అంతదనుక మోసికొనివచ్చిన రాళ్లను మన్నును అడ్డకట్టలుగా విడిచిపోగా, ఆ పల్లములయందు నీరు నిలిచి సరస్సులైనవి. ఈ సీమలోనే పుట్టి, 1850లో ఈ సీమలోనే కన్నుమూసిన వర్డ్స్‌వర్త్ మహాకవి, యాత్రికులకై తాను వ్రాసిన మార్గదర్శినియందు, గ్రేట్ గేబుల్, స్కాఫెల్ శిఖరముల నడుమ వ్రేలాడు మేఘముపై నిలిచి చూచినట్లు ఊహించుకొనుడని చెప్పి, అచటినుండి లోయలు చక్రనాభినుండి వెలువడు ఆకులవలె నలుదిక్కులకు ప్రాకిపోవునని వర్ణించెను. పెడలు త్రొక్కు సైకిలు లోకమున ఇంకను అవతరింపని కాలమున, కాలినడకనే కొండలన్నియు చుట్టిన ఒక కవి ఈ భూమిని చక్రముగా దర్శించుట నా జాతికి దక్కిన గౌరవమని నేను భావింతును. అయితే ఆ చక్రముపై నిజముగా తిరుగువారికి తెలియు సంగతి యొకటి కలదు: ఒక ఆకునుండి మరియొక ఆకునకు పోవలెనన్నచో, తారురోడ్డు చాలవరకు దూరముగా చుట్టు తిరిగిపోవును, అడ్డముగా దాటవలెనన్న కనుమ నెక్కవలసినదే.

ఆ కనుమదారులలో ఒక్కటియు నాకొరకు వేసినది కాదు. ఉన్నిమూటలను మోసిన గుఱ్ఱములు, పలకరాతిని క్రిందికి దించిన గనికూలీలు, మందల వెంట నడచిన కాపరులు, వీరి పాదములే ఆ బాటలను తీర్చినవి. పూర్వము గుఱ్ఱపుబాటలపై సైకిలునకు చట్టసమ్మతమైన హక్కు లేకుండెను. 1968లో వచ్చిన గ్రామసీమల చట్టము ఇంగ్లండునందును వేల్సునందును మాకు ఆ హక్కును ప్రసాదించుచు, పాదచారులకును ఆశ్వికులకును మేము దారి యీయవలెనని నియమించినది. ఆ నియమము నాకెన్నడును భారముగా తోపలేదు. బాట వేసినవారి వారసులకు దారి యిచ్చుట న్యాయమే కదా! చట్టము రాకపూర్వమే, 1955లో, రాతిదారులయందు సైకిలు నడుపుటయే వేడుకగా గలవారు కొందరు లెమ్‌స్టర్ పట్టణమున గుమిగూడి రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అను సంఘమును స్థాపించిరి. ఎక్కదగినచోట ఎక్కి, ఎక్కరానిచోట సైకిలును భుజమున మోసి, మంచులోను వానలోను కనుమలు దాటిన ఆ పురుషులును స్త్రీలును మాకు పూజ్యులు.

నా యజమానురాలు కెండల్ పట్టణమున చిన్నపిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయిని. ఆమెకు మిక్కిలి ప్రీతిపాత్రమైన దారి వాల్నా స్కార్. కోనిస్టన్ గ్రామమునుండి ఇరుకైన తారుబాట నిట్టనిలువుగా ఎగబ్రాకి ఒక కొండగేటు వద్ద ముగియును. అవతల అంతయు రాయి. వాగుపై గుఱ్ఱములకై కట్టిన రాతివంతెన దాటిన పిదప ఎక్కుడు తీవ్రమై, వెనుకచక్రము పట్టుతప్పి గిఱ్ఱున తిరుగుచుండగా, ఆమె జీనుపై ముందునకు జరిగి, మోచేతులు వంచి, తన బరువును రెండు చక్రములకు సమముగా పంచుచు, శ్వాసకొక త్రొక్కుడుగా నన్ను నడిపించును. సుమారు 600 మీటర్ల ఎత్తుననున్న కనుమ శిరస్సు చేరి వెనుకకు తిరిగినచో కోనిస్టన్ సరస్సు పొడవునా వెండివలె మెరయుచుండును. 1967 జనవరి 4వ తేదీన డొనాల్డ్ క్యాంబెల్ తన బ్లూబర్డ్ పడవను మహావేగమున నడుపుచు ప్రాణములు విడిచినది ఆ నీటిమీదనే. ఆమె అచట నిలిచినప్పుడెల్ల ఆ వీరుని తలచును. వేగమునకై ప్రాణమొడ్డినవాని సరస్సును ఇంత మెల్లగా ఎక్కివచ్చి చూచుట నాకు మాత్రము ఉచితముగనే తోచును.

ఆవలివైపు డడన్ లోయలోనికి దిగునప్పుడు, పాడుపడిన పలకరాతి గనులచెంత, ఒకమారు నా వెనుకటైరు ప్రక్క కత్తివాదరవంటి రాతిపెచ్చుచే చీలినది. మా టైర్లలో ట్యూబు ఉండదు. రబ్బరుపాలు కలిసిన ద్రవము లోపల తిరుగుచు చిన్న రంధ్రములను తనంత తానే పూడ్చును. ఆ చీలిక పెద్దదగుటచే తెల్లని ద్రవము బుస్సున చిమ్మి ఆమె కాళ్లను తడిపినది. ఆమె తొందరపడలేదు. చీలిక అడుగువైపునకు వచ్చునట్లు చక్రమును త్రిప్పి, ద్రవమంతయు అచట చేరనిచ్చి, అప్పటికిని బుస ఆగకుండుట చూచి, కొన చీలిన సూదికి జిగురు రబ్బరుపట్టీని గ్రుచ్చి లోనికి నొక్కి, సూదిని మాత్రము వెనుకకు లాగి, పైకి మిగిలిన తోకలను కత్తిరించి, పంపుతో గాలి కొట్టెను. గాలి నిలిచినది. పిమ్మట ఆ రాతిపెచ్చును చేతనెత్తి ఎండకు పట్టి చూచెను: ఒక అంచు పుస్తకపుటవలె సమముగా చీలియున్నది. ఇంటికప్పులకై పలకలు చీల్చిన యెవరో పనివాని ఉలిదెబ్బ అది. పని చేసినవాని పేరు లేదు, పని మాత్రము ఇంకను పదునుగానే యున్నది.

గేట్ల సంగతి కూడ చెప్పవలెను. ఈ కొండలపై మేయు హెర్డ్విక్ గొఱ్ఱెల పిల్లలు నల్లగా పుట్టి, వయసుతోబాటు బూడిదవన్నె దాల్చును. ఏ కంచెయు లేకయే, తల్లి వెంట తిరిగి నేర్చుకొన్న మేతపట్టునే జీవితమంతయు అంటిపెట్టుకొని యుండును. అయినను మూయకుండ విడిచిన గేటు ఒక్కటి చాలును, కాపరికి ఒకదినపు శ్రమ. అందుచేత ఆమె ప్రతి గేటువద్దను దిగి, తీసి, నన్ను దాటించి, మరల మూసి, గడియ పడినదో లేదో చేతితో చూచును.

కెజిక్ నుండి థ్రెల్కెల్డ్ వరకు గ్రేటా నది వెంటనున్న బాట వేరొక జాతిది. 1865లో ప్రయాణికులకు తెరువబడి 1972లో మూతపడిన రైలుమార్గపు కట్ట అది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపాను వరదకు నదిపై వంతెనలు కొట్టుకొనిపోగా, అయిదేండ్లకు, 2020 డిసెంబరులో, బాట మరల తెరువబడినది. ఈసారి తారు పరచిరి. కంకరకై పుట్టినదానను గనుక నేను నొచ్చుకొందునని కొందరు తలపవచ్చును. కాని ఒక ఉదయమున మా ముందు చక్రాల కుర్చీలో ఒక వృద్ధుడు, తన చేతులతోనే చక్రములను త్రిప్పుకొనుచు, ఎవరి తోడును లేక ఆ వంతెనపైకి వచ్చి, కమ్మీల సందునుండి సుడులు తిరుగు నదిని తనివిదీర చూచుచుండెను. ఆ బాటపై తారు ఉండవలసినదే. నాకు కావలసిన కంకర కొండలయందు ఇంకను కొల్లలుగా నున్నది.

థ్రెల్కెల్డ్ దాటి కొంత ఎక్కిన పిదప గ్లెండరాటెరా వాగు లోయ వెంట ఒక గుఱ్ఱపుబాట ఉత్తరమునకు పోవును. దాని చివర, తారురోడ్డన్నది చేరని బయలున, ఒకప్పుడు కాపరులు నివసించిన స్కిడా హౌస్ అను ఒంటియిల్లు కలదు. ఇప్పుడది యాత్రికుల బస. ఈ వసంతమున మేము పోదలచిన త్రోవ అదియే. అంతకుముందే నా వెనుకచక్రమునకు క్రొత్తటైరు వేయింపవలెనని నిన్ననే ఆమె దుకాణదారునితో మాట్లాడివచ్చెను.