కార్తీకంలో కోటు

డిగ్రీలో ఉండగా నాకో జబ్బు పట్టుకుంది. చదువు కాదు, చదువుకున్నవాడిలా కనపడాలన్న యావ. ఇంగ్లీషు సినిమాల్లో కుర్రాళ్లు నల్లకోటు తొడుక్కుని, పాతపుస్తకం చంకలో పెట్టుకుని, ఎండుటాకులు కరకరలాడేలా తొక్కుకుంటూ దిగాలుగా నడుస్తారు చూడండి, ఆ దిగాలు మీద మోజు పడ్డాను.

రాజమండ్రిలో శరదృతువు ఉంది గానీ దానికి ఆకులు రాల్చడం రాదు. మా వైపు రాలితే కొబ్బరిమట్టే రాలుతుంది. దాని కింద దిగాలుగా నడిచినవాడి చదువు ఆ పూటతో సరి. పొగమంచు ధనుర్మాసం దాకా మొహం చూపించదు. ఈలోగా వచ్చేది వాయుగుండం.

అయినా వెనక్కి తగ్గలేదు. బాబాయి పెళ్లికోటు అడిగి తెచ్చుకున్నాను. గది దాటగానే ఇంటివారి మామ్మగారు, “చలిజొరమా నాయనా? మిరియాల కషాయం కాచి ఇవ్వనా?” అన్నారు. మలుపు తిరగ్గానే ఓ పెద్దాయన దణ్ణం పెట్టి, “ప్లీడరు గారూ, మన వాయిదా ఎప్పుడండీ?” అన్నాడు.

చెమటతో గౌతమీ గ్రంథాలయం చేరాను. వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన ఆ చోట తాళపత్రాలున్నాయి. నేను కోరిన ఎండుటాకులు ఊరు మొత్తానికి అక్కడే ఉన్నాయన్నమాట. తొక్కనివ్వరు, అంతే.

ఫ్యాను కింద కోటు విప్పి కూర్చున్నాక కూల్డ్రే దొరగారి సంగతి చదివాను. ఆయన ఆక్స్‌ఫర్డు పక్కనే ఉన్న అబింగ్డన్ మనిషి. ఎండుటాకుల్లో పుట్టి పెరిగినవాడు. 1909 నుంచి 1919 దాకా మన ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలు. దామెర్ల రామారావులో చిత్రకారుణ్ణి పసిగట్టి బొంబాయి చదువుకి దారి చూపించింది ఆయనే. తిరిగి వెళ్లాక, ఆ ఆకుల మధ్య కూర్చుని 1924లో ఆయన అచ్చేసిన పుస్తకం దేని గురించనుకున్నారు? మన దక్షిణాది రోజుల గురించి! దొరకి మన ఎండ కావాలి, నాకు దొర కోటు కావాలి.

ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. కొవ్వొత్తి ముందు పుస్తకం, చుట్టూ దోమలు, ఎల్లుండి పరీక్ష. దిగాలు దానంతటదే వచ్చి కూర్చుంది, కోటు అడగలేదు.

మర్నాడు బాబాయి కోటు బాబాయికిచ్చేశాను. పరీక్ష మాత్రం లుంగీ, బనీనుతో చదివే గట్టెక్కాను.